ఎర్ర పెన్సిలు

రెండు నిమిషాలు మాట్లాడమన్నారు నన్ను.
సమాధి పక్కన, ఈ గాలిలో.
దుప్పటి పిన్ను సరిగ్గా పెట్టుకోమని
వెనకనుంచి ఎవరో గొణిగారు.
ఆమే అనుకుని సర్దుకున్నాను.

మాలినేయో. అంటే లినేయో తల్లి.
పెళ్లయిన రోజే అత్తవారు పెట్టిన పేరు.
బిడ్డ కడుపున పడకముందే
బిడ్డ పేరు వచ్చి ఆమె పేరులో కూర్చుంది.
మలోటి కొండల్లో అదే ఆచారం.
తర్వాత నలభై ఏళ్లు
ఆ మొదటి అక్షరాన్ని, ఆ 'మా'ను,
మేమంతా వాడేసుకున్నాం.
లినేయో ఈ మాటకి నవ్వదు.
"బళ్లో మా అమ్మ నన్ను ఎరగనట్టుండేది,
ఇంట్లో బడిని మాత్రం మరిచేది కాదు" అంటుంది
గంజికుండ తోముతూ.
అదీ ఇక్కడ చెప్పాలి.

నేను గొర్రెలు కాసినవాణ్ణి.
పగటి బడి ఆడపిల్లలది, మాది కొండ.
రాత్రి, మంద దొడ్లో చేరాక,
పిడకల పొగకి కళ్లు మండుతుంటే
ఆమె వంటింట్లో మేం ఏడుగురం, ఒక కుక్క.
పుస్తకం ఒక్కటే, బైబిలు.
కథలున్న పేజీ తీసేది కాదు.
"కథలు మీకు తెలుసు, ఊహించి చదివేస్తారు."
ఎవరు ఎవరిని కన్నారో ఆ చిట్టా తీసేది.
ముత్తాతల పేర్లు, నోరు తిరగని పేర్లు.
అక్షరం అక్షరం రాయిలా ఎత్తి
దొడ్డిగోడ పేర్చినట్టు పేర్చేవాళ్లం.
ఇప్పటికీ దేవుడంటే నాకు
ముందు పొగ వాసన,
తర్వాత ఒక పొడుగాటి పేరు.

గురువారం ఆడవాళ్ల ప్రార్థన.
మంచు కురిసినా గురువారం గురువారమే.
చిన్నకొడుకు సెంకు నదిలో పోయిన ఏడు
ప్రార్థనకు వెళ్లింది, పాడలేదు.
మొదటి వరుసలో, పెదవులు బిగించి, ఏడాదంతా.
"కోపమొస్తే ఇల్లు విడిచిపోతామా?
మాట్లాడం, అంతే" అంది పాస్టరుతో.
మరుసటి ఆగస్టులో, పీచు చెట్లు పూసిన వారం,
రెండో చరణం మధ్యలో ఆమె గొంతు వినబడింది,
ఎప్పటిలాగే శ్రుతి తప్పి.

భర్త త్సెలీసో సరిహద్దు అవతల, బంగారు గనుల్లో.
రాయడం రాదు. పక్కమంచం మనిషి చేత రాయించేవాడు.
ఊరి ఆడవాళ్లందరికీ ఉత్తరాలు చదివిపెట్టే ఈమె
తన ఉత్తరాన్ని ఎర్ర పెన్సిలుతో దిద్ది
తిరుగు టపాలో పంపేసేది.
ఊరు నవ్వింది. గనిలో ఇంకా నవ్వారట.
పక్కమంచం మనిషి చేతులెత్తేశాడు.
అప్పుడు, మైలు లోతున పనిచేసి పైకొచ్చి,
ముప్పై ఆరేళ్ల మనిషి పలక పట్టాడు.

అతను పోయి పదకొండేళ్లు.
ఊపిరి నిండా రాతిదుమ్ము.
నిన్నరాత్రి జాగారంలో
అతని రేకుపెట్టె తెరిచింది లినేయో.
దొంతర్లు దొంతర్లుగా దిద్దిన ఉత్తరాలు,
దారంతో కట్టి, తేదీల వరుసలో.
ప్రేమించిన మనిషి మందలింపును
ఇంత జాగ్రత్తగా దాచుకుంటారని నాకు తెలీదు.

ఒక్కటి అందులో లేదు.
అది ఆమె బైబిల్లో దొరికింది,
ఆ నోరు తిరగని పేర్ల దగ్గర.
వంకర రాత. మూడే వాక్యాలు.
బాగున్నాను. నీకు దుప్పటి కొన్నాను.
ఇది నేనే రాశాను.
పైన ఆమె పేరు, ఒక అక్షరం తక్కువ.

దిద్దలేదు.
దీపం దగ్గరికి పట్టి చూపించింది లినేయో.
పోయిన అక్షరం ఉండాల్సిన చోట
ఒక ఎర్ర చుక్క.
పెన్సిలు మొన ఆనించి,
ఎత్తేసినట్టుంది.

పాస్టరు గడియారం చూస్తున్నాడు.
రండి, మట్టి వేద్దాం.