కింది హద్దు

దస్తావేజులో నాలుగు హద్దులు రాసి ఉన్నాయి.
తూర్పు: పొట్నూరు వారి ఖాళీ స్థలం.
దక్షిణం: పదిహేను అడుగుల మునిసిపల్ రోడ్డు.
పడమర: గేదెల వారి మేడ.
ఉత్తరం: మురుగు కాలువ, దాని మీదకి వంగిన ఒంటి కొబ్బరి చెట్టు.
శ్రీకాకుళం జిల్లా కోర్టులో పదిహేడేళ్లు
ఊరందరి గట్టు తగాదాలకీ నకళ్లు కొట్టిన దాన్ని,
నా పేరున్న కాయితాన్ని
అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాను.
తప్పు దొరకలేదు.

బ్యాంకు పంపిన ఇంజనీరు టేపు పరిచాడు.
డాక్టరు వీపు మీద తట్టి విన్నట్టు
గోడల్ని వేలి కణుపులతో తట్టి విన్నాడు.
మూడు పేజీల రిపోర్టు,
రెండున్నర వేలు ఫీజు.
గోడల స్థితి: సంతృప్తికరం.

మే నెల అది.
బలగ రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది.
వెనక గదిలో అడుగు పెడితే
అరికాళ్ల కింద చల్లన.
"ఈ గదికి ఫ్యాను కూడా అక్కర్లేదమ్మా"
అన్నారు కూర్మారావు గారు.
ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని
వంటింటి వైపు తిరిగి దగ్గింది.
నేను చల్లదనానికే మురిసిపోయి
బేరం ఆడాల్సిన చోట
లక్షన్నర వదిలేశాను.

శ్రావణం రెండో వారం.
నాగావళి ఇంకా గట్ల లోపలే ఉంది.
"మోయలేం, ఉంచుకోండమ్మా" అని
వాళ్లు వదిలిపెట్టి వెళ్లిన ఇనప బీరువాని
తుడుద్దామని జరిపాను.
వెనక గోడ నానిన అట్టలా ఉబ్బి ఉంది.
గోరు తగిలితే చాలు, రంగు
అప్పడంలా ఊడి చేతిలోకి వచ్చింది.
కింద తెల్లటి పొడి.
ఎందుకో నాలిక మీద వేసుకున్నాను.
ఉప్పు.

తవిటయ్య మేస్త్రి చుట్ట ఆర్పి
గోడకి చెంప ఆనించాడు.
"ఇదంతా గెడ్డ కదమ్మా.
నా సిన్నతనంల ఇక్కడ తుంగ కోసీవోళ్లుం.
లారీల్తో మట్టి పోసేసి ప్లాట్లు గీసేసినారు.
నీరుకి రిజిస్ట్రారాఫీసు తెలీదు కదా!"

నాలుగు దిక్కులూ చూసి రాసిన లేఖరి
కిందకి చూడలేదు.
కింద: గెడ్డ.

ఆదివారం, దారంతా మాటలు నూరుకుంటూ
ఆమదాలవలసలో వాళ్ల అద్దె వాటాకి వెళ్లాను.
మూడో అంతస్తు. మెట్లెక్కేసరికి
సగం మాటలు ఆయాసంలో పోయాయి.
తలుపు తీసిన ఆవిడ, నేనేమీ అడక్కుండానే,
"ఇక్కడికొచ్చాక దగ్గు లేదమ్మా" అంది.
కాఫీ ఇచ్చింది. తాగాను.
క్షమించలేదు.
మాట రాలేదు, అంతే.

ప్రతి నెలా ఐదో తారీఖు
కిస్తీ కోసుకున్నామని ఫోనుకి మెసేజీ.
ఆ రోజే మరక అంచు వెంట పెన్సిల్ గీత గీసి
పక్కన తేదీ వేస్తాను.
నాకింకా రెండు వందల ముప్ఫై ఆరు కిస్తీలు.
గెడ్డకి ఎన్నో
ఏ బ్యాంకూ చెప్పదు.

మొన్న, సెక్షన్లో కొత్తగా చేరిన హైమవతి
"అద్దె కట్టలేక ఛస్తున్నాను మేడం,
మీ వీధిలో ఏవైనా అమ్మకానికున్నాయా?" అంటూ వచ్చింది.
గేటు చప్పుడికి
నాకంటే ముందు నా భుజం కదిలింది.
బీరువా గోడకి చేరింది.
ఆ పిల్ల చెప్పులు విడిచి
వెనక గదిలో నిలబడి కళ్లు మూసుకుంది.
"అబ్బ, ఎంత చల్లగా ఉందో మేడం!"

అవునన్నాను.