తల్లి పేరు

"కినెల" ఏ జిల్లా ఇంటిపేరండీ అని
సెక్షన్‌లో కొత్తగా చేరిన ప్రతివాడూ అడుగుతాడు.
కాసేపాగి, గొంతు తగ్గించి,
"ఇంతకీ మీరేవిట్లు?" అని కూడా.
వన్‌టౌన్‌లో పుట్టానంటాను.
టీ చల్లారుతుంది. మాట మారుతుంది.

జనన మరణాల కౌంటర్లో ఇరవై రెండేళ్ళు నావి.
బెజవాడలో ఎవరు కళ్ళు తెరిచినా, ఎవరు మూసినా
నా వేళ్ళ కిందనుంచే పోవాలి.
ఒక ఒత్తు తప్పేసి ఎన్ని ఇళ్ళ పేర్లు మార్చానో
దేవుడికి తెలుసు,
అఫిడవిట్లు పట్టుకుని తిరిగినవాళ్ళకి తెలుసు.

ఒక సోమవారం సెలవు పెట్టి
నా పేరు నేనే వెతుక్కోడానికి బయల్దేరాను.

నాన్న స్కూలు టీసీలో కినెల ఆంతోని.
తాత సర్వీసు పుస్తకంలో కెనెల్లి పాట్రిక్,
లోకోషెడ్ ఫైర్‌మన్, ఐదడుగుల పదంగుళాలు,
ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ.
ఆ ఎత్తు నా దాకా రాలేదు.
మచ్చ మటుకు మా అక్కకి వచ్చింది, స్టవ్వు దగ్గర.
ముత్తాత పెళ్ళి కాగితంలో కన్నీలీ,
ఇంకో కాగితంలో కనిలీ.
రాసినవాడి చెవి ఎలా ఉంటే మేమలా ఉన్నాం.

ఉపదేశి రాయప్ప చర్చి బీరువా తెరిచాడు.
చెదలు అంచులు కొరికిన సమాధుల రిజిస్టర్లో
"హ్యూ కినీలీ. ఐర్లండు దేశస్థుడు. ప్లేట్‌లేయర్.
వాంతులు, భేదులు. ముప్పై నాలుగేళ్ళు."
అంతే.
అన్ని సముద్రాలు దాటి
కృష్ణ ఒడ్డున పట్టాలు పరవడానికొచ్చినవాడు
ఒక్క వరసలో సరిపోయాడు.

జ్ఞానస్నానాల పుస్తకం తిప్పాడు రాయప్ప.
"భార్య మేరీ. ఈ ఊరి స్త్రీ."
పూర్వనామం అన్న చోట
ఒక అడ్డగీత.
పాళీ ఒక్క క్షణం ఆగినట్టుంది,
చివర సిరా ముద్దయింది.

అతని పేరుకి నా దగ్గర అయిదు తప్పులున్నాయి.
ఆమెకి ఒక్కటీ లేదు.
తప్పు రాయాలన్నా ఎవరో ఒకరు అడగాలి కదా.

సీతానగరం కొండ దగ్గర కంకర మోసిందో,
కాలవ గట్టున గంజి అమ్మిందో,
తెల్లోడితో వెళ్ళిందని ఏ వాకిట్లో
ఎవరు ఆమె మీద నీళ్ళు వదిలేశారో.

ఐర్లండుకి రాశాను.
నాలుగు నెలలకి జవాబు, ఎవరో ముసలాయన.
ఆ ఏళ్ళ కాగితాలు మంటల్లో పోయాయట.
మా రికార్డు రూమ్‌లోవి బుడమేరు నానబెట్టింది, చెల్లుకి చెల్లు.
ఇంకా రాశాడు:
కినీలీ కూడా అసలు పేరు కాదట,
వాళ్ళ భాషలో వేరేగా పలుకుతారట,
ఇంగ్లీషు గుమాస్తా తనకి వినపడ్డట్టు రాసుకున్నాడట.
అక్కడా ఒక గుమాస్తా.
ఆ రోజు క్యూ పెద్దదై ఉంటుంది పాపం.

ఉత్తరంలో ఇంకొకటి అడిగాను.
మా నాయనమ్మ దీపం ఆర్పేముందు
మా నెత్తి నిమిరి "అస్తోరు" అనేది.
రైల్వే స్టోరు గురించేమో అనుకునేవాళ్ళం,
కిరసనాయిలు అక్కడే ఇచ్చేవాళ్ళు.
అది వాళ్ళ మాటేనట.
"నా నిధీ" అని.

నాయనమ్మది మంగళగిరి, మగ్గాల ఇల్లు.
ఐర్లండు అనేదొకటుందని ఆమెకి తెలీదు.
ఆ మాట అత్తగారినుంచి, ఆమె అత్తగారినుంచి...
హ్యూ పోయేనాటికి కొడుకు ఉయ్యాల్లో ఉన్నాడు.
వాడు విన్నది తండ్రి గొంతులో కాదు.

మా ఇంటి దాకా దాన్ని మోసుకొచ్చింది
ఆ అడ్డగీతే.

మంగళవారం కౌంటర్ తెరిచాను.
అపార్టుమెంట్లకి ఇటుకలు మోయడానికొచ్చిన పిల్ల,
చంకలో పదిరోజుల గుడ్డు.
తల్లి పేరు? అన్నాను.
మొగుడి పేరు చెప్పింది.
అది కాదమ్మా, నీ పేరు.
నేల చూసింది. నోట్లోనే ఏదో అంది.
మళ్ళీ చెప్పు, నిదానంగా.
వెనక క్యూ గొణిగింది.
గొణగనిచ్చాను.