పద్నాలుగు అంగుళాల గట్టు

సంగడిగుంట పార్కు ప్లాను మీద
ఉయ్యాలలు రెండు, జారుడుబల్ల ఒకటి, ఇసుక గుంట.
అన్నీ వయసు ప్రకారమే గీశాను.
నేను చదువుకున్న మనస్తత్వశాస్త్రం
మెట్లు మెట్లుగా ఉంటుంది మరి:
ఒంటరి ఆట, పక్కపక్కన ఆట, కలిసి ఆట.

సైదులు మేస్త్రి సున్నంతో ముగ్గు పోశాడో లేదో
పిల్లలు దాన్ని తొక్కుడుబిళ్ళ చేసేశారు.

నాలుగు సాయంత్రాలు నోటుబుక్కుతో కూర్చున్నాను,
ఎవరు ఎక్కడ ఎంతసేపు అని గీతలు గీస్తూ.
మిర్చియార్డు గాలి ఇటు తిరిగినప్పుడల్లా
అందరం ఒక్కసారే తుమ్మేవాళ్లం.
కలిసి ఆట అంటే నాకు దక్కింది అదొక్కటే.

సువార్త పేరు పక్కన మాత్రం ఖాళీ.
తొమ్మిదేళ్లుంటాయి, చంకలో తమ్ముడు.
వాళ్లమ్మ తొడిమలు తీసే పని నుంచి వచ్చేదాకా
కరెంటు స్తంభానికి ఆనుకుని,
బరువు ఎడమ చంక నుంచి కుడి చంకకి,
మళ్లీ ఎడమకి.
పేట పేరులోనే సంగడి ఉంది గాని
ఆ పిల్లకి ఉన్నది వాడొక్కడే.
"ఆడదు" అని రాసుకున్నాను.
రాసి, కొట్టేశాను.

బిళ్ళ గీత మీద పడ్డప్పుడు
అందరికంటే ముందు నాలుక కరుచుకుంది తనే.
నాగూర్‌బీ ఒంటికాలి మీద తూలితే
సువార్త బొటనవేలు మట్టిలో దిగబడింది.
"అవుటే! నేను చూశాగా!" అంటే
కొట్టుకునేవాళ్లు కూడా ఊరుకున్నారు.

చూడటమూ ఆటేనని పుస్తకంలో ఉంది.
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా.
ఏ పుస్తకమూ చదవని మా నాయనమ్మ
దాన్నే ఆటలో అరటిపండు అనేది.
ఉబ్బసం పిల్లని, అప్పుడా అరటిపండు నేనే.
లెక్కలోకి రాను,
కానీ గీత లోపలే ఉన్నాను.

ప్లాను దిద్దాను.
ఆటకి నాలుగడుగుల దూరంలో ఒక గట్టు,
పద్నాలుగు అంగుళాల ఎత్తు.
తొమ్మిదేళ్ల పిల్ల చంటివాణ్ణి దింపగలిగేంత,
వాడు జారిపడ్డా కాసేపు ఏడ్చి ఊరుకునేంత.
అంచులు గుండ్రం.

"ఇది ఏ ఆట పరికరం?"
ఏఈ గారి ఎర్రసిరా.
జవాబు తెలిసీ రాయలేక
ప్రహరీ పునాది పద్దులో కలిపేశాను.
బిల్లు పాసైంది.

మొన్న వెళ్లాను.
గట్టు మీద ముగ్గురు ముసలాళ్లు ఒకే పేపరు పంచుకుని చదువుతున్నారు.
నాలుగో చోట తమ్ముడు.
సువార్త ఒక చెయ్యి వాడి చొక్కా అంచు మీద,
రెండో చేతిలో పెంకుముక్క.

అప్పుడే గాలి తిరిగింది.
అందరం తుమ్మాం.
కళ్లు తెరిచేసరికి
బిళ్ళ మూడో గడిలో ఉంది.
ఎవరేశారో.