ఒంటి తుమ్ము

బీచ్ రోడ్డు మ్యూజియంలో, మేడ మీద మూడో గది.
ఫ్యాను కింద కుర్చీ నాది.
ఎదురు గోడకి అరచేయంత బొమ్మ.
ఒకప్పుడు నల్ల సిరా, ఇప్పుడు టీ డికాక్షన్ రంగు.
విక్టోరియా రాణి కాలంలో ఎవరో దొర,
రేవులో జమాఖర్చులు రాసుకునే గుమాస్తా దొరట,
లెడ్జరు కాగితం వెనక గీసి పారేశాడు.

డాల్ఫిన్ నోస్ కొండ అందులో నిజంగా ముక్కే.
పుటాలున్నాయి, వెంట్రుకలున్నాయి, పడిశం కూడా ఉంది.
అది తుమ్మింది.
పడవలు గాల్లోకి లేచాయి పావురాల్లా.
జెండా కొయ్య వంకర పోయింది.
గౌను తొడుక్కున్న పీత ఒకటి మాత్రం
కాళ్ళన్నీ బయటపెట్టి, గొడుగు పట్టుకుని,
తనకేం పట్టనట్టు ఒడ్డు వెంట
అడ్డంగా షికారు పోతోంది.

పిల్లలు నవ్వుతారు. పెద్దలు తేదీ చదివి వెళ్ళిపోతారు.
ఇరవై రెండేళ్ళుగా నా పని
"ముట్టుకోవద్దు" అనడం.

ఒకసారి అమ్మని తీసుకొచ్చాను.
పెదజాలరిపేట మైలపల్లి కాసులమ్మ.
తట్ట గుమ్మం బయట దించి, చేతులు చీరకి తుడుచుకుని
ముక్కుని చూడలేదు, పడవల్ని చూడలేదు,
వేలు గాల్లో ఆడిస్తూ లెక్కపెట్టింది.
"పదకొండేట్రా?
డెక్కలతో కలిపి పది గదా పీతకి!
ఈ దొర తినుంటాడు గానీ, ఒలుచుకుని ఎరగడు."
మెట్లు దిగబోతూ ఆగి
"ఒంటి తుమ్ము మంచిది కాదు.
రెండోది గియ్యలేదేటి?"

రెండోది హుద్‌హుద్ నాడు వచ్చింది.
ఆ ఆదివారం కిటికీ తలుపులు రెక్కలొచ్చి పోయాయి.
మేం మెట్ల కింద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం.
నిజం పడవలే లేచాయి గాల్లోకి.
మర్నాడు వీధిలో నిలబడ్డ చెట్టు లేదు,
అమ్మ ఇంటి మీద రేకు లేదు,
ఈ ఫ్రేముకి అద్దం లేదు.
కాగితం మాత్రం మేకుకే ఉంది, ఒక మూల తడిసి.

హైదరాబాద్ నుంచి ఒకావిడ వచ్చింది, భూతద్దంతో, తెల్ల గ్లవ్స్‌తో.
"ఒక్క గీతే కరిగింది.
పాత ఫోటో ఉంటే చూసి మళ్ళీ వేసేయొచ్చు."
వంగి చూశాను.
గౌను కింద కుడివైపు చివరి కాలు.
మిగిలినవి లెక్కపెట్టాను, అమ్మలాగే, వేలు గాల్లో.

"ఫోటో లేదు మేడం" అన్నాను.
ఉంది. బీరువా రెండో అరలో, రసీదుల కింద.
ఉప్పునీళ్ళు దిద్దిన లెక్కని
మళ్ళీ తప్పు చేయించడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు కొత్త అద్దం.
రోజూ పొద్దున్నే తుడుస్తాను.
ముక్కు కొస ఇంకా దురదగానే ఉన్నట్టుంటుంది.
"చిరంజీవ" అంటాను మెల్లిగా,
గదిలో ఎవరూ లేనప్పుడు.