పదకొండు శాతం

ఆషాఢం మబ్బు.
హొరమావులో మూడో క్రాస్, బూడిద రంగు గేటు.
"చార్జ్ ఆగ్తానే ఇల్ల" అన్నారు మందాకిని మేడమ్
ఫోను నా మొహానికి ఆనించి.
పదకొండు శాతం. ఎర్ర గీత.
కెమెరా కన్ను సగం మూతబడి ఉంది,
నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మన్ లాగా.

నిచ్చెన వేసుకుని ఎక్కినాను.
ప్యానెల్ ఉత్తరం చూస్తా ఉంది.
గేటు ఉత్తరం కదా, అందుకని అదీ అటే అంట,
వచ్చేవాళ్లకి కనపడాలంట.
సూర్యుడు చుట్టమా మేడమ్, గేటు తీసుకుని రావడానికి?
ఈ మాట పైకి అనలేదు.

అద్దం మీద కాకి రెట్ట,
పక్క సైటులో కోసిన గ్రానైటు పొడి
వానకి తడిసి అట్టగట్టి.
గోరుతో గీకినాను, తడిగుడ్డతో తుడిచినాను.
ప్లగ్గు లాగితే లోపల చీమల కాపురం,
తెల్లటి గుడ్లతో సహా.
ఊదితే పోలేదు. బ్రష్షు పెట్టి ఖాళీ చేయించినాను.
ఇల్లు ఖాళీ చేయడం ఈ ఊళ్లో నాకు నాలుగుసార్లు అలవాటే.

మీటరు పెడితే, ఊరికే ఉన్నప్పుడు ఆరు వోల్టులు.
కెమెరా తగిలిస్తే మూడుకి కూలబడింది.
మావాళ్లలో కొందరు ఇట్లే,
పని చెప్పనంత సేపూ మహా బలం.

పదిన్నరకి మబ్బు కొంచెం విడిచింది.
వాటర్ ట్యాంకు నీడ
ప్యానెల్ మూల మీద కాలు పెట్టింది.
మూలే కదా అనుకుంటారు.
ఒక్క మూల చీకటైతే
పలక మొత్తం అన్నం మానేస్తుంది.

నాది కదిరి.
అక్కడ ఎండని తిట్టి బతికినోణ్ణి.
ఇక్కడ దాన్ని వెతికి పెడితే గంటకి మూడొందలు.

దక్షిణానికి తిప్పి, ట్యాంకు దాటించి,
పదమూడు డిగ్రీలు వంచి బోల్టు బిగించినాను.
మూడు మీటర్ల కొత్త కేబుల్.
అయినా లెక్క కుదరలా.
వచ్చేది తక్కువే, ఒప్పుకుంటా.
పోయేది ఎక్కడికి?

యాప్ తెరిచి రాత్రి రికార్డింగులు చూసినాను.
రెండు వందల పద్నాలుగు.
కుక్క అనుకున్నాను, కొమ్మ అనుకున్నాను.
నొక్కితే ఒక చెయ్యి.
ఇంకోటి నొక్కితే అదే చెయ్యి.
రెండు గాజులు, కడిగినా పోని సిమెంటు గీతలు.

ఎదురు సైటులో నీలం పట్టా గుడిసె ఆమె.
దాంట్లో కరెంటు లేదు.
ఈ గేటు అరుగు మీద కూచుని,
ఒళ్లో తువ్వాలు, తువ్వాలు మీద ఎవరిదో పట్టుచీర,
కొంగుకి కుచ్చులు కడతా ఉంది.
మనిషి కదిలితే వెలిగే లైటు, ముప్పై సెకన్లే.
ఆరిపోగానే తల ఎత్తకుండా చెయ్యి ఎత్తుతుంది,
మజ్జిగ మీద ఈగని తోలినట్టు.
వెలుతురు. ఒక ముడి, ఇంకో ముడి.
మళ్లీ చీకటి. మళ్లీ చెయ్యి.
రెండు వందల పద్నాలుగు ముప్పైలు
నూటేడు నిమిషాలు.
అర కొంగు అయ్యుంటుంది.

"ఏం తెలిసింది?" కిందనుంచి మేడమ్.
ఆవిడ శాతం చూస్తారు గానీ రికార్డింగులు చూడరు.
"చీమలు మేడమ్" అన్నాను.
అబద్ధమేం కాదు.

కెమెరా ఎంతవరకు చూడాలో
ఫోనులో వేలితో గడి గీయొచ్చు.
అరుగుని బయట పెట్టేయాలి, పద్ధతి అదే.
నా వేలు అరుగు అంచు దాకా వచ్చి
కాసేపు ఆగింది.
రోడ్డు తీసేసినాను. కొమ్మ తీసేసినాను.
పక్కింటి కుక్కని కూడా.
అరుగుని ఉండనిచ్చినాను.

రిపోర్టు రాసినాను.
లోపం: ప్యానెల్ దిక్కు, ట్యాంకు నీడ, ప్లగ్గులో చీమలు.
సంతకం: పి. ఓబులపతి.
మూడొందలు. కేబుల్ వేరే.

బండి తీస్తా ఉంటే ఎదురుగా ఆమె,
నెత్తిన ఇసుక తట్ట.
నన్ను చూడలేదు. ఎందుకు చూస్తుంది.

శ్రావణం దాకా లాగుతుందేమో బ్యాటరీ.
మళ్లీ ఫోనొస్తే
మబ్బు మీదికి తోసేస్తా.