తీగ బయటికొచ్చే చోట

బరంపురం పెద్దాసుపత్రి, పదకొండో మంచం.
గున్నయ్యకి నాడి దొరకదు.
కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్ మణికట్టు పట్టుకుని
బెదిరిపోయి నా మొహం చూశాడు.
"ఎడమ పక్కన చెవి పెట్టండి సార్" అన్నాను.
సన్నటి రొద.
"కొమ్ముని సానబట్టినా ఇదే రొద సిస్టరమ్మా,
ఇంటికాడ ఉన్నట్టే ఉంటాది" అని నవ్వాడు గున్నయ్య.

పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు చెక్కే మనిషి.
ఇప్పుడు పొట్ట పక్కనుంచి నల్లటి తీగ,
నడుముకి రెండు బ్యాటరీలు.
కరెంటు పోతే దాలమ్మ చెయ్యి ముందు వెతికేది
దీపాన్ని కాదు.

జ్వరమని వచ్చాడు. మూడు రోజులు చాలన్నాం.
ఏడో రోజుకి తీగ చుట్టూ ఎరుపు,
పదో రోజుకి చీము.
లేబు కాగితం మీద పురుగు పేరు
తొమ్మిదో మంచం కాగితం మీద ఉన్నదే.

తొమ్మిదికీ పదకొండుకీ మధ్య
ఒక కుళాయి ఉంది.
ఆ రాత్రి దాన్లో నీళ్లు లేవు,
స్పిరిట్ సీసా అడుగంటింది,
ముప్పైనాలుగు మంచాలకి నేనొక్కదాన్ని.
అన్నీ నిజాలే.
నిజాలతో చేతులు కడుక్కోలేం.

దాలమ్మ బయటి కొట్లో సబ్బు కొనుక్కుంది.
మోచేతులదాకా తోముకుని,
గోళ్ల సందులు పుల్లతో గీసుకుని
అప్పుడు మొగుణ్ణి ముట్టుకుంటుంది.

ఇవాళ డ్రెస్సింగు ట్రే పట్టుకెళ్తే
ఒక్క మాటా అనలేదు.
అరిగిన సబ్బుముక్క నావైపు జరిపి
చెంబు వంచింది.