దశాంశ బిందువు తర్వాత

ఎనుమాముల యార్డుల మిర్చి ఘాటుకు తుమ్మి
ఓదెలు కాంటా చదివిండు:
నలభై రెండు కిలోల మూడు వందల గ్రాములు.
ఆ తర్వాత అంకె? అన్న.
ఆ తర్వాత ఏముంటది సారూ, బస్తా దించుడే.

మా సదానందం సారు ఒప్పుకునేటోడు కాదు.
హన్మకొండ కాలేజీల
బోర్డు అంచు దాకా అంకెలు రాసి
చౌకట్టు మీద రాసి, గోడ మీద రాసి
సుద్ద అరిగి గోరు గీసుకున్నంక ఆగి
"ఇంక ఉన్నయ్ రా" అనేటోడు.
"ఎవడు లెక్కబెట్టకున్నా చివరిదాకా ఉన్నయ్.
అందుకే రేపు కూడ ఇయ్యాల్నే ఉన్నది."

చివర లేనిదానికి చివరిదాకా ఏంది
అని అప్పుడు తోచలే.
ఇరవై ఏండ్లు అదే సుద్దతో
అదే రేపును నేనూ చెప్పిన.

మొన్న క్లాసుల కాంటా ముచ్చట తీస్తే
వెనక బెంచి నుంచి రవళి:
"సార్, ఆ అంకెలు మిర్చిల ఉన్నయా,
మన లెక్కల ఉన్నయా?"
గంట కొట్టిండ్రు. బతికిపోయిన.

ఇయ్యాల మళ్ల యార్డుకొచ్చిన.
కాంటా మీద ఎర్ర అంకె ఊగుతున్నది
మూడుకూ నాలుగుకూ నడుమ.
లోపల దాక్కున్నదని ఒక గణితం,
ఇంకా పుట్టనే లేదని ఒక గణితం.
రెండిటికీ బస్తా ఒక్కటే,
రేపే వేరు.

తరుగు కింద రెండు కిలోలు కోసి
అడ్తిదారు అప్పు పద్దు తెరిచిండు.
అండ్ల మాత్రం రైతు రేపు
పైసలతో సహా ముందే ఉన్నది.

ఓదెలు ఇంక రాయలే.
పెన్ను ఎత్తిపట్టి
అంకె దిక్కే చూస్తున్నడు.